ఉత్త కండ

పెద్దాసుపత్రిలో మూత్రవ్యాధుల గది. బల్లకు అవతల డాక్టరమ్మ, ఇవతల బస్సు కండక్టరు, పక్కన ఆమె భర్త.

"మంట అంతేలెండి మేడం. పొద్దస్తమానం బస్సులో నిలబడి, నీళ్లు తాగకుండా, వచ్చింది ఉగ్గబట్టుకుని..."

"నేను ఆవిణ్ని అడుగుతున్నాను."

"దానికి చెప్పడం రాదు మేడం."

"టికెట్టు లేనివాణ్ని నడిరోడ్డు మీద దింపేస్తాను డాక్టరుగారూ, చెప్పడం రాకేం."

"అయితే నువ్వే చెప్పమ్మా. రక్తం ఎప్పట్నుంచి?"

"ఏడాది కావస్తోంది. బట్టకి చిన్న మరక. నెలసరి ఆగి నాలుగేళ్లయింది, మళ్లీ మొదలైందేమో అనుకున్నా. మా అత్తగారైతే 'ఇప్పుడొచ్చిందే నీకు వయసు' అని ఒకటే నవ్వు. మూడుసార్లు మందుబిళ్లలు మింగాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికే. తర్వాత కడుక్కుంటుంటే చేతికి తగిలింది, మిరియపు గింజంత."

"నల్లగా ఉందా?"

"నర్సమ్మ చెప్పింది నల్లగా ఉందని. నాకు చూసుకోవడానికే సిగ్గేసింది."

"సరే. మొన్న మేం తీసిన ముక్క ఫలితం వచ్చింది. మీరెక్కడికండీ లేస్తున్నారు?"

"బండి అడ్డంగా పెట్టొచ్చాను మేడం. ఒక్క నిమిషం..."

"కూర్చోండి."

"కూర్చోండి, ఏవండీ. ఎవరూ ఎత్తుకుపోరు."

"చూడమ్మా, ఇది క్యాన్సరే. మెలనోమా అంటారు. మామూలుగా పుట్టుమచ్చల్లో, చర్మం మీద వస్తుంది. నీకు మూత్రం వచ్చే దారి చివర్లో వచ్చింది. నా ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇది రెండోది."

"ఎండలో తిరుగుతానని వచ్చిందా?"

"అక్కడికి ఎండెక్కడ తగులుతుందమ్మా? నీ తప్పేం లేదు."

"ఏం చేస్తారు?"

"మూత్రనాళం, మూత్రసంచి, దాన్ని ఆనుకుని ఉన్న యోని గోడ తీసెయ్యాలి. మూత్రం పొట్ట మీద పెట్టే సంచిలోకి వస్తుంది. గజ్జల్లో గడ్డలున్నాయి, అవీ తియ్యాలి. ఆ తర్వాత సెలైన్‌లో ఎక్కించే మందులు. ఇంతా చేసి తగ్గుతుందని మాట ఇవ్వలేను."

"సంచి కట్టుకుని బస్సెక్కొచ్చా?"

"ఎక్కినవాళ్లున్నారు. ఇంతకుముందు ఒకసారి కోశారన్నావు?"

"ఆరు నెలలైంది, మా వీధి క్లినిక్కులో. కోసి సీసాలో వేశారు. ఈయన ల్యాబు బండి నడుపుతారు కదా, క్లినిక్కులన్నీ తిరిగి సీసాలు పట్టుకెళ్లేది ఈయనే. వారానికి వచ్చి 'ఏం లేదటే, ఉత్త కండట' అన్నారు. ఎంత తేలికపడ్డానో ఆ రోజు."

"రిపోర్టేదండీ?"

"ఇంట్లో ఉండాలి మేడం."

"ఇంట్లో ఎక్కడ?"

"బీరువాలో పెట్టినట్టు గుర్తు."

"మనకి బీరువా ఎక్కడిదండీ?"

"నువ్వుండవే! అంటే మేడం... నిజం చెప్పాలంటే... ఆ సీసా నేను ల్యాబులో ఇవ్వలేదు."

"ఏం చేశారు?"

"కాలవలో పారేశాను."

"పారేశారా? నా ఒంటి ముక్కని?"

"సిగ్గేసిందే. సీసా మీద చీటీ ఉంటుంది, ఎవరిది, ఎక్కణ్నించి తీసిందీ అని. దించుకునేటప్పుడు మావాళ్లు చదివి జోకులేస్తారు. ఆ రోజు నీ పేరుంది దాని మీద."

"జోకులేసేది ఎవరెవరు?"

"అందరూ మేడం."

"మీరు?"

"నేనే... కాస్త ఎక్కువ."

"డాక్టరుగారూ, అప్పుడే తెలిసుంటే?"

"అప్పటికి గజ్జల్లోకి పాకి ఉండకపోవచ్చు. చిన్నగా ఉంది కాబట్టి, ఒక్క ఆపరేషన్‌తో బయటపడే అవకాశం ఉండేదమ్మా."

"క్లినిక్కువాళ్లు చీటీ ఇచ్చారు. ఇదుగో, ఇందులో ఏమైనా పనికొస్తుందేమో చూడండి."

"అదింకా దాచావా నువ్వు?"

"కండక్టర్నండీ. నంబరున్న కాగితం చేతికొస్తే పారెయ్యను."

"సీసా నంబరుంది దీని మీద. పారేసినట్టు ల్యాబువాళ్లకీ తెలియాలి. ఫోన్ చెయ్యనా అమ్మా?"

"చెయ్యండి."

"వద్దు మేడం. నా ఉద్యోగం పోతుంది, నేను ఒప్పుకున్నాను కదా, ఇంకెందుకు..."

"హలో, పెద్దాసుపత్రి నుంచి. ఒక సీసా మీకు అందిందో లేదో చూడాలి. నాలుగు, సున్నా, ఏడు, ఒకటి. ఆఁ, ఆరు నెలల కిందటిది... అందిందా? సరిగ్గా చూడండి. రిపోర్టు కూడా ఇచ్చారా? ఏమని?... ఊఁ. ఎవరు తీసుకున్నారు?... సంతకముందా. సరే, ఉంటాను."

"ఏమన్నారు డాక్టరుగారూ?"

"మెలనోమా అని అప్పుడే రాశారమ్మా. కాగితం మీ ఆయనే సంతకం పెట్టి తీసుకున్నారు."

"పారేశానన్నారు కదండీ? ఇప్పుడే కదా అన్నారు?"

"బండి అడ్డంగా ఉందే, ఒక్కసారి చూసొస్తా..."

"ఏవండీ, మిమ్మల్నే."

"దాంట్లో ఏం రాశారో మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు మేడం. పరీక్ష చేసినాయన్నే అడిగాను. వెంటనే తీసుకెళ్లమన్నాడు."

"తెలిసే ఉత్త కండన్నారా? ఆరు నెలలు నా పక్కనే పడుకుని, నేను మంటకి మెలికలు తిరుగుతుంటే చూస్తూ... ఎందుకండీ?"

"కింద లోపలంతా కోసి తీసేస్తారన్నాడే. ఇక నాకేం మిగులుతుంది?"