కడగని జల్లెడ

వంటగదిలో భార్యాభర్తలు. కాసేపటికి కూతురు.

“ఏమండీ, నా పిండి జల్లెడ మళ్ళీ అడవికి తీసుకెళ్ళారా?”

“నేనెందుకు తీసుకెళ్తాను? మా మ్యూజియంలో చీమలు పట్టడానికని నాలుగు జల్లెడలున్నాయి.”

“మరి ఈ ఎండాకు ముక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? పిండిలోంచి మొలిచిందా?”

“ఇరవై రెండేళ్ళ కిందట రెండే రెండు రోజులు తీసుకెళ్ళాను. ఇప్పటికీ దెప్పుతున్నావు.”

“అమ్మా, నాన్ననేమీ అనకు. తీసింది నేను.”

“చూశావా! నీ కూతురే.”

“చీమలు పట్టేటప్పుడు మీ కూతురు, జల్లెడ దగ్గరికొచ్చేసరికి నా కూతురు.”

“నవ్వకు నాన్నా. ఈ సీసా చూడు. కొండ మీద ఒకే ఎండుకొమ్మ విరిచి దులిపాను.”

“ఊఁ... చిన్నతల చీమలు. అన్ని అడవుల్లోనూ ఉండేవే.”

“అడుగున?”

“ఆ భూతద్దం ఇలా ఇవ్వు.”

“అడుగున ఏముంది నాన్నా?”

“బండతల చీమ. నేను కనిపెట్టిన జాతి. రెండు గూళ్ళు పక్కపక్కన ఉండుంటాయి.”

“ఒకటే గూడు. ఒకటే రాణి. బండతలది గుమ్మానికి తల అడ్డం పెట్టి కూర్చుంది. చిన్నవి వచ్చి మీసాలతో తడితే తల తీసి దారిస్తోంది. పరాయివాటికి ఇస్తుందా?”

“జల్లెడలో కలిసుంటాయి.”

“జల్లెడ పట్టకముందే కొమ్మ చీల్చి చూశాను. అది వేరే జాతి కాదు నాన్నా, ఆ చిన్నవాటి కాపలాదే. గుమ్మం వదిలి బయటికి రాదు గనక వేరే అడవుల్లో ఎవరికీ కనబడలేదు.”

“ఎవరికైనా చెప్పావా?”

“మొదట నీకే.”

“అయితే ఇక్కడితో ఆపు.”

“నీ పేరు పోతుందనా?”

“నోరు ముయ్! పేరు పోతే పోనీ. ఆ చీమ ఇంకెక్కడా లేదనేగా కొండ మీద చెట్లు కొట్టడం ఆపారు? నువ్విది పత్రికకు రాసిన మర్నాడే కొండ మీదికి రంపాలు ఎక్కుతాయి.”

“తెలుసు. వారం నుంచి నిద్ర లేదు నాకు. కానీ వచ్చే ఏడు ఇంకెవరో ఆ కొమ్మ విరుస్తారు. అప్పుడు కొండ కోసం మనమేం చెప్పినా ఎవరు నమ్ముతారు?”

“అరిచింది చాలు. కంచాలు పెడుతున్నాను, రండి.”

భోజనాల బల్ల దగ్గర.

“ఇంకాస్త కూర వేయనా?”

“వద్దు. అమ్మాయ్, రేపు నేనే రాస్తున్నాను. బండతలది వేరే జాతి కాదు, పొరపాటు నాదని.”

“నాన్నా...”

“ఆ ఎండుకొమ్మల్లో ఇంకా ఎన్నెన్ని బతుకుతున్నాయో కూడా రాస్తాను. వినేవాళ్ళుంటే వింటారు.”

“పొరపాటు ఎలా జరిగిందని రాస్తావు?”

“ఉన్నదే. ఆనాడు నాకూ ఒకే కొమ్మలోంచి రెండు రకాలూ రాలాయి. ముందు రోజు పట్టిన బండతలవి ఈ పిండి జల్లెడలోనే మిగిలిపోయాయేమోనని అనుమానం. కడిగావా అని మీ అమ్మనడిగాను. కడగలేదంది. దాంతో రెండూ వేరనుకున్నాను.”

“అలా రాయకండి.”

“నీ మాట ఎత్తనులే.”

“అందుకు కాదు. ఆ రోజు రంపాల చప్పుడు ఈ వంటింట్లోకి వినబడుతోంది. కొత్త జాతని తేలితే ఆపించవచ్చని మీరే అన్నారు. జల్లెడ నేను రెండుసార్లు కడిగానండీ.”