లిసాండ్రో దీపాలను నిద్రపుచ్చిన ప్రతాపము

ఉన్నవారికై వెలిగి, ఎవరును లేనిచోట విశ్రమించు తేజోదేవతకు మ్రొక్కి, శాంటో డొమింగో నగరపు ఎలక్ట్రీషియన్ లిసాండ్రో తన నోట తానే వినిపించిన ప్రతాపకథను విన్నవించుచున్నాను.

మధ్యాహ్నవేళ, వీధిమూల కొట్టు ముందట డామినో బల్ల చుట్టు మువ్వురు కూర్చుండిరి: లిసాండ్రో, ఎదుటి తొమ్మిదంతస్తుల కార్యాలయభవనమునకు నిర్వాహకురాలై, ‘దోన్యా’ అనగా ‘అమ్మగారు’ అని అందరును పిలుచు ఎర్సిలియా, ఆ భవనపు కావలివాడగు వృద్ధ సినేసియో. మూడవ అంతస్తున లిసాండ్రో బిగించిన దీపయంత్రములు ఆమెకు నచ్చెనా, తక్కిన ఎనిమిదింటి పనియు అతనిదే. నచ్చలేదా, ఉన్నవియు ఊడదీయవలసినదే. ఆ తీర్పు ఆనాడే. అందుచేత కాఫీ చల్లారుచున్నను లిసాండ్రో నోరు చల్లారలేదు.

“నేను చేసిందేం పెద్ద పని కాదు దోన్యా. గది పైకప్పుకి చిన్న కన్ను పెట్టాను. మనిషి కదిలితే దీపం వెలుగుతుంది, కదలిక లేకపోతే పది నిమిషాల్లో ఆరిపోతుంది.”

“అంతేనా?” అనుచు ఆమె బిళ్ల వేసెను.

“అంతేనా అంటారేంటి! మొదటి వారం సగం కరెంటు మిగిలింది. రెండో వారం మీటరు నిలబడిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక్కి తిరిగింది! చేత్తో పట్టుకుని ఆపాను, ఇదిగో వేలి మీద గాటు!”

“అది మొన్న అరటికాయ తరుగుతూ కోసుకున్నది కదయ్యా,” అనెను సినేసియో.

“అడ్డురాకు తాతా! మిగిలిన కరెంటు తీగల్లో పట్టక వెనక్కి పోయింది, కొండల్లో ఆనకట్ట నీళ్లేమో ‘ఇక మాకేం పని’ అని ఎదురెక్కి మబ్బుల్లోకి వెళ్లిపోయాయి, ఆ వారం వాన అందుకే! ఈలోగా నా కన్నుకి తెలివి ముదిరింది. మనిషి ఇంట్లో బూట్లు వేసుకుంటుండగానే ఇక్కడ దీపం వెలిగేది. చివరికి, ఒట్టు, కిటికీలోంచి సూర్యుణ్ణి చూసి, ‘గదిలో ఎవరూ లేరు, నువ్వెందుకు?’ అని ఆయన్నే ఆర్పేసింది! నేను నిచ్చెనెక్కి బతిమాలితే గానీ తెల్లారలేదు!”

“సూర్యుణ్ణి వదిలెయ్. నా దీపాలు నిజంగా ఆరుతున్నాయా?”

“రోజూ ఆరుతున్నాయి దోన్యా, అయిదారుసార్లు!”

సినేసియో చేతిలోని బిళ్ల జారిపడెను. “ఆరడమా? అది కరెంటు పోవడం కాదా?”

ఇద్దరును అతనివంక చూచిరి.

“నాకెవరూ చెప్పలేదే! భోజనాలయ్యాక అందరూ కుర్చీల్లో కునుకు తీస్తారు. దీపాలు పోతాయి. ‘కరెంటు పోయింది, జనరేటర్ వెయ్!’ అని కిటికీల్లోంచి అరుస్తారు. రోజూ కరెంటు పోయే ఈ ఊళ్లో దీపం పోతే ఎందుకు పోయిందని ఎవరైనా అడుగుతారా? ఈ ముసలి మోకాళ్లతో పెరట్లోకి పరుగెత్తి వేస్తాను. ‘వచ్చింది, వచ్చింది!’ అని చప్పట్లు కొడతారు. నిన్న కేకు కూడా పెట్టారు!”

“వాళ్లు లేచి చేతులూపారు కాబట్టి వెలిగాయి, తాతా,” అనెను ఎర్సిలియా. “డీజిలు పీపాలు ఖాళీ అయ్యేది ఇందుకన్నమాట! లిసాండ్రో, నీ కన్ను మిగిల్చిందంతా ఈయన జనరేటరు తాగేసింది.”

లిసాండ్రో చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో త్రాగుచుండగా ఆమె తన తీర్పు చెప్పెను:

“ఊడదీయకు. తక్కిన అంతస్తుల్లో మెట్లకీ, నడవలకీ, మరుగుదొడ్లకీ పెట్టు, అక్కడెవరూ నిద్రపోరు. బల్లల దగ్గర అరగంట ఆగి ఆరేలా మార్చు. ముందు మూడో అంతస్తు వాళ్లందర్నీ పిలిచి, ఏ చీకటి నీ కంటిదో, ఏది కరెంటు కోతదో చెప్పు. అయిదు మాటల్లో.”

“అయిదే? అది మాత్రం నా వల్ల కాదు దోన్యా!”

ఈ కథ విన్నవారి దీపములు వారు మేలుకొన్నంతసేపు వెలుగుగాక. కునుకువేళ సడిలేక ఆరుగాక. ఎల్ల కావలివారి మోకాళ్లును చల్లగా నుండుగాక.