మిగిలిన గుడ్డు

లడఖ్ కొండల మీది మంచినీటి సరస్సు పక్కన మేకల దొడ్డి, ఒక గుడారం. సరస్సులో పక్షులకు కాపలా ఉండే మేనల్లుడు మేనత్త దగ్గరికి వచ్చాడు.

"అత్తా, నీ కుక్క నల్లమెడ కొంగ గుడ్డు తినేసింది."

"నా కుక్కేనని ఎవరు చెప్పారు?"

"మూతికి సొన అంటుకునే ఉంది, చూడు. దాన్ని కట్టెయ్యవా?"

"కట్టేస్తే తోడేలు ఊరుకుంటుందా? పోయిన వారమే రెండు మేకల్ని ఎత్తుకుపోయింది. నీ కొంగ వచ్చి కాస్తుందా?"

"ఏడాదికి రెండే గుడ్లు పెడుతుందత్తా. ఇంకొక్కటే మిగిలింది."

"తల్లి గూడు వదిలేసి పోయిందా?"

"లేదు. ఆ ఒక్కదాని మీదే కూర్చుంది. నేను దగ్గరికెళ్లినా లేవలేదు."

ఆమె కుక్క మూతిని చేత్తో తుడిచింది.

"సరే, మేకల్నీ కుక్కనీ అవతలి లోయకి తోలుకుపోతాను."

"అక్కడ గడ్డి తక్కువ కదత్తా!"

"ఉన్నదే మేస్తాయిలే. చూస్తూ నిలబడ్డావేం? గుడారం మేకులు పీకు."