టకటకమ్మ దిద్దిన మాట

ఏంటమ్మా, వూండ్ అని రాయాలా, ఇంజురీ అని రాయాలా అని నన్నడుగుతున్నావా? కాలు బెణికినందుకు సెలవు చీటీయేగా, ఇంజురీ అని రాసెయ్యి. వూండ్ అంటే చర్మం తెగాలి, రక్తం కనపడాలి. ఆఁ, నవ్వు నవ్వు, ఈ తాతకి ఇంగ్లీషెక్కణ్ణించి ఊడిపడిందని. నాకు చెప్పినావిడ ఉండేదిలే. మా కాగితం మిల్లులో టైపిస్టు. పొట్టి మనిషి, కుర్చీలో దిండేసుకుంటే గానీ మిషను అందేది కాదు. గోడౌన్ వాళ్లంతా టకటకమ్మ అనేవాళ్లం, ఆవిడ ముందు కాదనుకో. అట్టలూడిన డిక్షనరీ ఒకటుండేది ఆవిడ దగ్గర. దాన్ని ఎవర్నైనా ముట్టుకోనిస్తే ఒట్టు! మా మేనేజరేమో ఇంగ్లీషులో తన తర్వాతే ఎవరైనా అనుకునే రకం. ఓసారి మిషనుకి ఇంజురీ అయింది, మనిషికి డ్యామేజీ అయింది అని రాసిచ్చాడు. ఈవిడ చప్పుడు చెయ్యకుండా అటుదిటు, ఇటుదటు మార్చి టైపు కొట్టింది. "వస్తువుకైతే డ్యామేజీ అండీ, ప్రాణమున్నదానికి ఇంజురీ. మనిషిని సామాన్లలో కలిపేస్తే ఎలా?" అంది నాతో. ఆయన చదవకుండానే సంతకం పెట్టేశాడు.

ఏం చెబుతున్నాను... ఆఁ, పొడుగోడి సంగతి. బేళ్లు, అదే పెద్ద పెద్ద కాగితం కట్టలు, మోసే మనిషి, నా షిఫ్టే. నేనప్పుడు గోడౌన్ సూపర్‌వైజర్ని. ఓ రోజు పొద్దున పైవరసలోంచి బేలు జారి వాడి మీద పడింది. పరిగెత్తుకెళ్లి పక్కకి లాగాం. చుక్క రక్తం లేదమ్మా. లేచి కూర్చుని, "ఏం కాలేదయ్యా, కాస్త మంచినీళ్లివ్వండి" అని నవ్వాడు కూడాను. గేటు దగ్గర బోర్డొకటి ఉండేది, ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద రాసేవాళ్లు. మర్నాడే పైనుంచి తనిఖీ, ఆ లెక్క చెడకూడదు. నేను చీటీ మీద "గాయం లేదు" అని రాసిచ్చాను. మేనేజరు దాన్ని "నో ఇంజురీ" అని ఇంగ్లీషు చేసి టకటకమ్మ ముందు పడేశాడు. అదలా వెళ్లిపోతే వాడు బస్సెక్కి ఇంటికి పోవడమే. ఇంజురీ అని ఉంటే మాత్రం కంపెనీ వ్యానులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, అదీ రూలు.

ఆవిడ టైపు కొట్టలేదు. లేచి గోడౌన్‌కి వచ్చింది. ఎప్పుడూ రాదు, ఆ దుమ్ము పడదావిడకి. పొడుగోడి ముందు కూర్చుని, "ఎక్కడ నొప్పి నాయనా?" అంది. వాడు ఎడం డొక్క మీద చెయ్యేశాడు. ఒళ్లంతా చెమట, పెదాలు పాలిపోయాయి. తిరిగెళ్లి టైపు కొట్టింది: వూండ్ లేదు, ఇంజురీ ఉంది, లోపల అయ్యుండొచ్చు అని. మేనేజరు చింపేశాడు. "చెప్పింది కొట్టడానికే నీకు ఉద్యోగం!" అని ఒకటే అరుపులు. ఆవిడ మళ్లీ కాగితం ఎక్కించి, అక్షరం పొల్లు పోకుండా అదే కొట్టింది. "వూండ్ లేదన్నారు, లేదనే రాశాను సార్. ఇంజురీ లేదని మాత్రం నా చేత్తో రాయను. కావాలంటే మీరే రాసి సంతకం పెట్టండి" అంది. కాగితం ఆయన ముందుకి జరిపింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆయన పెన్ను తీశాడు, మూత పెట్టాడు, మళ్లీ తీశాడు... చివరికి, "వ్యాను పంపించండి, నా ప్రాణం తియ్యకండి!" అన్నాడు.

లోపలేదో చిట్లి నెత్తురంతా కడుపులోకే కారుతోందట. ఇంకో గంటైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. బతికాడులే, నాలుగు నెలల తర్వాత పనిలోకీ వచ్చాడు. విచారణకి వచ్చినవాళ్లు వ్యాను పంపడం ఎందుకు ఆలస్యమైందని అడిగితే, మేనేజరు నా చీటీ చూపించాడు. నా పనైపోయిందనుకున్నా. అప్పుడు టకటకమ్మ లేచి, "ఆయన గాయం లేదన్నారండీ, దెబ్బ తగల్లేదనలేదు. గాయం లేకుండానూ దెబ్బ తగలొచ్చు. ఇంగ్లీషులోకి వచ్చేసరికే మాట మారింది" అంది. నా ఉద్యోగం నిలిచింది. ఆవిడని మాత్రం నెల తిరక్కుండా ఇంకో ఊరి మిల్లుకి వేశారు. అక్కడే పోయిందని చాలా ఏళ్లకి తెలిసింది.

వెళ్లే రోజు డిక్షనరీ చంకలో పెట్టుకుని గోడౌన్ గుమ్మం దాకా వచ్చింది. అందరూ భోజనాలకి వెళ్లారు, నేనొక్కణ్ణే ఉన్నా. "ఒక్క మాట అడగనా అన్నయ్యగారూ? మీరా చీటీ రాసేటప్పటికే అతను డొక్క పట్టుకుని ఉన్నాడు కదా. మీరు చూశారా?" అంది. కోపంగా కాదమ్మా, మామూలుగానే. నేను...

ఊఁ. ఆ ఫ్యాను కాస్త తగ్గించు తల్లీ, చలేస్తోంది.