పదకొండో గేరు

"మళ్ళీ చెప్తాండా టీచరమ్మా, ఆ దుడ్లకు కార్బన్ చక్రాలు రావు. వచ్చినా నీకొద్దు."

"చక్రాలు ఎవురడిగినారన్నా? నాకు కొండ ఎక్కుడుకు గేర్లు కావాల. ఎక్కుడుకు."

ప్రొద్దుటూరు బజారులో జియావుల్లా సైకిల్ అంగడి అది. జమ్మలమడుగు నుంచి ఎండలో తొక్కుకుంటూ వచ్చిన వేదశ్రీ టీచరుకు అతను స్టూలు వేశాడు గానీ, ఆమె సైకిల్ హ్యాండిల్ పట్టుకొని నిలబడే ఉంది.

"కూచోమ్మా ముందు. నీళ్ళు తాగు."

"తాగినా. నువ్వు చెప్పు. చీటీ పాడి తెచ్చిన దుడ్లు ఇవి, మళ్ళీ రావు. ఇందులో ఏం పెడితే ఈసారి సైకిల్ పోటీలో ముద్దనూరు కొండ కాలు కింద పెట్టకుండా ఎక్కుతా, అది చెప్పు."

"చీటీ దుడ్లా? ఇంట్లో ఏమన్నారు?"

"ఫ్రిడ్జి కొంటా అని చెప్పినా. మాయమ్మ వంటింట్లో దానికి జాగా గూడా సర్ది పెట్టింది."

"మరి ఇంటికి పోయి ఏం చెప్తావు?"

"అది నేను చూసుకుంటాలే. నువ్వు గేర్ల సంగతి చూడు."

"సరే, ఇను. పెడల్ కాడుండే పళ్ళచక్రం పాతదే ఉండనీ. అది ఇంకా శానా ఏండ్లు తిరుగుతాది. దాన్ని మారిస్తే మెరుపు చూసుకునేది తప్ప లాభం ల్యా."

"ఉండనీ."

"ఎనక పళ్ళచక్రాలు మాత్రం మార్చాల. అన్నిటికన్నా పెద్దది నా అరచెయ్యంత ఉండేది పెడతా. చూసేకి బాగుండదు. పోటీకొచ్చే పిల్లోల్లు నగుతారు."

"నగనీ. నగించుకునేది నాకు అలవాటైపోయింది."

"ఆ చక్రం పెద్దదైతే చెయిన్ను లాగి పట్టుకునే చెయ్యి గూడా పొడుగుది కావాల. చెయిను కొత్తది. హ్యాండిల్ కాడ గేరు లివర్లు కొత్తవి. ఇవన్నీ ఒక జట్టు. ఒకటి తగ్గించుకుందామంటే మిగిలినవి మాట ఇనవు."

"నెట్లో ఇదే సెట్టు తక్కువకుండాది."

"కొనుక్కో. కొని, గేరు పడనప్పుడు ఆ నెట్టునే పిలుచుకో."

"ఊరికే అన్నాలే. పది గేర్లదా, పదకొండుదా?"

"అదే అసలు సంగతి. పదిదైతే నీ దుడ్లలో వచ్చి ఇంకా మిగుల్తాది. పదకొండుదైతే మొత్తం ఊడ్చుకొని పోతాది."

"తేడా ఏంది?"

"బయల్లో తెలీదు, ఎక్కుడులో తెలుస్తాది. పదిలో ఒక గేరు శానా బరువు, దాని కిందది శానా తేలిక. బరువుదాంట్లో మోకాళ్ళు లాగేస్తాయి, తేలికదాంట్లో కాళ్ళు ఉత్తగా తిరుగుతాయి. పదకొండులో ఆ రెంటి నడుమ ఇంకొకటుంటాది. నీ కాలికి సరిగ్గా అది కావాల."

"అయితే పదకొండే."

"ఇంటికి పోయి ఆలోచన చెయ్యి. ఫ్రిడ్జి గూడా..."

"ఏడాది ఆలోచన చేసినా అన్నా. పదకొండే పెట్టు."

"పెడతా, పెడతా. ఇంతకూ పోయినేడు పోటీలో ఏమైంది తల్లీ? ఒకోరు ఒకోరకం చెప్తారు. మహీధర్ నిన్ను ఏదో..."

"ఆ పేరు ఎత్తొద్దు."

"ఎత్తకుంటే ఎట్ల? బంగారంగడోళ్ళ పిల్లోడు, సైకిల్ క్లబ్బుకు పెద్ద. నీకు సాయం చేసినాడంట గదా."

"సాయం. అవును, సాయమే. కొండ కాడికి నేనే ముందరున్నా. ఆయప్ప ఎనకనుంచి వచ్చినాడు. సగం ఎక్కినాక నా వీపు మీద చెయ్యి పెట్టినాడు."

"నిన్ను అడిగినాడా?"

"అడగలా. తోసినాడు. ఇంతే, ఊరికే ఇట్ల. తోసి, బైకులో వీడియో తీసేటోని దిక్కు చూసి నగినాడు. పాపం టీచరమ్మకు ఎక్కేకి రాలేదు అన్నాడు."

"మరి నువ్వు?"

"నేను మాట్లాడితే ఊపిరి పోతాదని మాట్లాడలా. తొక్కినా. పోటీ ముగిసే కాడ, పులివెందుల్లో, నేనే ముందర దిగినా అన్నా. నేనే. దిగితే, ఇంకొకరు తోస్తే ఎక్కినావు, నువ్వు లెక్కలోకి రావు అన్నారు పోటీ పెట్టినోల్లు. కప్పు ఆయప్ప చేతికిచ్చినారు. మైకు పట్టుకొని ఏమన్నాడో తెల్సా?"

"ఇన్నా. వద్దులే."

"ఆడపిల్లకు సాయం చేసి గూడా గెలిచినా అన్నాడు. అందరూ చప్పట్లు. ఇప్పుటికీ నేను బోర్డు మీద లెక్క రాసేకి అటు తిరిగితే చాలు, ఎనక పిల్లోల్లు ఒకరి వీపు ఒకరు తోసుకోని నగుతారు. చిన్నోల్లు, వాళ్ళనేమనేది? అందుకే రోజూ చీకట్నే లేచి ఎక్కుళ్ళు తొక్కుతాండా. నాకు కప్పు గూడా వద్దన్నా. ఆయప్ప మొగం చూడాల. నా ఎనకొచ్చి దిగినప్పుడు ఆ మొగం ఎట్లుంటాదో దగ్గర నిలబడి చూడాల."

"చూస్తువులే. ఈసారి చూస్తువు."

"అదేంది, పైన ఏలాడతాంది? నల్ల సైకిల్."

"ఏది?"

"ఆ మూల."

"అదా. ఎవురిదో. సర్వీసుకొచ్చింది."

"ఎవురిదో అంటే?"

"ఇప్పుడే గదా పేరు ఎత్తొద్దన్నావు."

"ఆయప్పదా?"

"ఆయప్పదే."

"ఏం పోయింది దానికి?"

"నీకెందుకమ్మా అది?"

"ఊరికే అడుగుతాండా. ఏం పోయింది?"

"ముందు బ్రేకు. డిస్కు అరిగి అరిగి రేకు మాదిరి అయింది, ఆయిల్ కారుతాంది. బెంగుళూరు నుంచి కొత్తది తెప్పించి పెట్టినా, ఇదో, ఈ డబ్బాలో. రేటు ఇని, పోటీ అయినాక చూద్దాం, ఇప్పుటికి తుడిచి ఇచ్చెయ్ అన్నాడు. సైకిల్‌కేమో లచ్చలు పోసినాడు, బ్రేకు కాడికొచ్చి బేరం."

"తుడిచి ఇచ్చెయ్ అన్నాడా?"

"అన్నాడు."

"అయితే తుడిచి ఇచ్చెయ్."

"టీచరమ్మా."

"ఏం?"

"కొండ ఎక్కినాక దిగుడుంటాది."

"తెలుసు."

"దిగుడులో మలుపుంటాది. మలుపులో సిమెంటు లారీ వస్తాది."

"ఆ రోడ్డు నాకు తెలీదా అన్నా?"

"తెలిసే అంటాండావా?"

"నేనేమన్నా? నేనేమన్లా. ఆయప్ప తుడిచియ్యమన్నాడు, నువ్వు తుడిచిస్తాండావు. నడుమ నేనెవురు? నేను ముందర పోతాంటా. ఎనక ఏమైతే నాకేం కనపడతాది?"

"కనపడదు. ఇనపడతాది."

"ఆ మాట వదిలెయ్ అన్నా. నా సైకిల్ సంగతి చూడు."

"సరే పో, నేనేదో అన్నాలే. నీ సైకిల్ ఇట్ల తే, పదకొండు సెట్టు బిగించేకి మొదలుపెడతా."

"ఎంతది?"

"ఏది?"

"ఆ డబ్బాలోది. డిస్కుతో కలిపి."

"అది నీ సైకిల్‌కు పట్టదు తల్లీ."

"నా సైకిల్‌కు కాదు. పది గేర్లదైతే మిగుల్తాది అన్నావే, ఆ మిగిలేది దానికి సరిపోతాదా?"

"సరిపోతాది గానీ... ఏంది, ఏం చేస్తాండావు నువ్వు?"

"నాకు పది పెట్టు. ఆ బ్రేకు ఆయప్ప సైకిల్‌కు ఎయ్యి."

"మతి పోయిందా నీకు? నడుమ గేరు లేకుంటే ఆ కొండ మీద నీ కాళ్ళు..."

"మండుతాయి. మండనీ."

"ఆయప్ప మీద జాలా?"

"జాలి గీలి ఏం ల్యా. నువ్వే చెప్పు, పడితే ఆయప్ప ఓడిపోయినట్టా? పడితే పాపం అంటారు. ఆస్పత్రికి పండ్లు తీసుకపోతారు. బ్రేకు పట్టలా, లేకుంటే నేనే గెలిచేటోన్ని అని సచ్చేదాకా చెప్పుకుంటాడు. ఆ మాట గూడా ఆయప్పకు మిగలకూడదన్నా. చెయిను కడుగు. టైర్లు చూడు. గాలి సరిగ్గా పట్టు. సైకిల్‌లో ఏ లోపమూ ఉండకూడదు. నా ఎనకాల బాగా రావాల, బలంగా రావాల, వచ్చి ఓడిపోవాల."

"ఆయప్పను అడక్కుండానే ఏసేదా?"

"నన్ను అడిగే తోసినాడా?"

"కొత్త బ్రేకు కనపడితే అడుగుతాడమ్మా. ఏం చెప్పేది?"

"అంగడి తరపున ఉత్తగా ఏసినా అను. ఉత్తగా అంటే ఆయప్ప మారు మాట్లాడడు."

"అది నిజమే. మరి నువ్వు ఏపిచ్చినావని ఎప్పుడు చెప్పేది?"

"నువ్వు చెప్పే పనే ల్యా అన్నా. పులివెందుల్లో, అదే మైకు ముందర, ఆయప్ప వీపు మీద చెయ్యి పెట్టి నేనే చెప్తా."