దొరబాబుకి బదులు

ఒక చిన్న ఊరి చివర, కట్టెల అడితి గోడ పక్కన, ఒకప్పుడు బడిపిల్లల్ని మోసి ఇప్పుడు కలవారి కుక్కల్ని పల్లెలు తిప్పుతున్న బస్సొకటి ఆగి ఉంది. వెనక మెట్టు మీద భార్య, ఆవిడ ముందు బకెట్టులో సగం మునిగిన ఒక వీధికుక్క, వాళ్ళిద్దరికీ కాస్త ఎడంగా, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని భర్త.

"ఇంకోసారి రుద్దు. మెడ కింద ఇంకా కంపు కొడుతోంది."

"మీరొచ్చి రుద్దండి. ఎన్ని నీళ్ళు పోసినా దిగదే. మొదటి బకెట్టు చూశారా, అచ్చం కాఫీ. ఇంక జన్మలో కాఫీ ముట్టను."

"నా చేతిలో తువ్వాలుంది కదా."

"అది మీ ముక్కుకి పట్టుకున్నారు, కుక్కకి కాదు."

"ఆ చెవి వెనక చూడు, గోమారి."

"ఒకటేమిటి, నానబెట్టిన శనగల్లా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ పీకి కిరసనాయిల్లో వేస్తుంటే మధ్యాహ్నం తిన్నది పైకొస్తోంది. తిన్నదాన్లో మాత్రం ఏముంది, సగం కుక్క వెంట్రుకలే. ఏమండీ, పొద్దున ఆ లెట్రిన్ ట్యాంకు ఎక్కడ ఒంపారు?"

"ఎక్కడో ఒంపాలే."

"ఎక్కడ?"

"అడితి వెనక. పల్లంగా ఉంది."

"దీన్నెక్కడ పట్టుకొచ్చారు?"

"…అడితి వెనక."

"అంటే దీని ఒంటి మీదున్నది…"

"అందుకే ఇంకోసారి రుద్దమన్నాను."

"ఛీ. నా బతుకు. ఈ బండెక్కేటప్పుడు ఏమన్నారు మీరు? పొద్దుతిరుగుడు చేలు చూపిస్తాను, ఏటి ఒడ్డున వంట చేసుకుందాం, రోజుకో ఊరు, మహారాణిలా తిరుగుదువుగాని అన్నారు. చేలు చూసింది కుక్కలు. కిటికీలన్నీ వాటివే కదా. నేను చూసింది ఊరూరా ముందు మురుక్కాలవ, తర్వాత కుళాయి."

"ఎవరి కళ్ళకి దొరికేది వాళ్ళకి దొరుకుతుంది."

"ఇటు తిరుగు నాన్నా. అటు కాదు, ఇటు. చూడండి, బకెట్టు అంచు కొరుకుతోంది. ఆ ముసలి దొరబాబుకైతే అన్నం మెత్తగా పిసికి వేలితో పెట్టాల్సొచ్చేది. నోట్లో ఒక్క పన్ను లేదు."

"ఇంక దొరబాబని దీన్నే పిలువు. కుక్కని తీసుకెళ్ళడానికి మేడం వస్తే ఆవిడ ముందు నోరు జారతావు. ఏదీ, పిలువు."

"నా నోటికి రాదు."

"దొరబాబూ. చూశావా, తలెత్తింది."

"ఎవరు కసిరినా ఎత్తుతుంది పాపం. ఏమండీ, నాకు మనసొప్పడం లేదు. ఆవిడ రాగానే చెప్పేద్దాం. మీ కుక్క తప్పిపోయింది, ఇది వేరే కుక్క అని."

"చెప్పి ఏం చేస్తాం? ఈ ఒక్కావిడతో పోదు. లాయరు వాళ్ళూ, ఆ బొచ్చుదాని వాళ్ళూ, అందరూ వచ్చి ఎవరి కుక్కని వాళ్ళు దింపుకుపోతారు. మళ్ళీ బడిపిల్లల్ని ఎక్కించుకోవాలి. కుక్కలే నయం, పద్యాలు అప్పజెప్పవు."

"లాయరు అంటే గుర్తొచ్చింది, ఆ కుక్క పొద్దుట్నించీ ఒకటే అరుపు. దానికి నీళ్ళు పెట్టారా?"

"వాయిదా వేశాను. నువ్వు మాట మార్చకు. అదే పసుపు, అదే ఎత్తు, అవే చెవులు. వెతుక్కుంటూ పోతే దొరికేదా ఇంత పోలిక?"

"పోలికట. దొరబాబు తోకాడిస్తే ముసలాయన విసనకర్ర విసురుకున్నట్టుండేది. దీని తోక తగిలితే నా గాజులు చిట్లేట్టున్నాయి."

"పల్లెగాలి తగిలితే వయసు తగ్గదూ? మా మేనమామకి ఊరు మారి నూతి నీళ్ళు మారగానే రాలిపోయిన పళ్ళన్నీ మళ్ళీ మొలిచాయి. ఎవరైనా నమ్మకపోతే కొరికి చూపించేవాడు."

"ఎవర్ని?"

"మా అత్తనే. దగ్గర్లో ఆవిడే ఉండేది."

"నిన్న ఆవిడకి ఫోనులో ఏం రాశారు?"

"ఏముంది, మామూలే. దొరబాబు చేలగట్టు మీద కుందేలుతో పందెం వేశాడు అని."

"ఎవరు, తప్పిపోయినవాడా?"

"గెలిచాడని రాయలేదు. పిల్ల కుందేలని జాలిపడి కావాలనే ఓడిపోయాడని రాశాను. నమ్మేట్టు ఉండాలి కదా."

"సిగ్గనేది పుట్టినచోటే మర్చిపోయి వచ్చారు మీరు."

"సిగ్గుంటే ఊళ్ళు తిరగలేం."

"నాకు కన్ను మూతపడటం లేదండీ. మొన్న బండి తలుపుకి నేను గడియ పెట్టాను. పెట్టినట్టే గుర్తు. ఆ ఇనుము చల్లగా తగలడం కూడా గుర్తు."

"అది ముందురోజు చల్లదనం."

"అంతేనంటారా?"

"మనుషులన్నాక మర్చిపోతారు. నేను నిన్ను ఒక్క మాటన్నానా?"

"అనలేదు. అంటే బాగుండును. దెప్పిపొడిచే మనిషి నోరు మూసుకుంటే ఇంకా గుచ్చుకుంటుంది. వాడి బుట్ట మీద దుప్పటి కప్పి ఉంది. వాంతి చేసుకుని ఇప్పుడే పడుకున్నాడు, లేపకు అన్నారు మీరు. సరే, నిద్రపోనీలే అనుకున్నాను. సంత ఊళ్ళో ఆగాక గంజి పెడదామని దుప్పటి తీస్తే ఏముంది, ఖాళీ. తలుపు బార్లా."

"మళ్ళీ మొదలెట్టకు."

"ఎలా మొదలెట్టకుండా ఉంటాను? నా గొంతు చూడండి, కాకి నయం. ఆ ఊళ్ళో పిలవని వీధి లేదు. మంగలాయన గడ్డం సగంలో ఆపి బయటికొచ్చాడు, ముసలి కుక్కా, పసుపా, కుంటుతుందా అని అడిగాడు. పాలకేంద్రం ఆవిడైతే, కనిపిస్తే కట్టేసి పాలు పోసి ఉంచుతాను పొమ్మంది. ముక్కూ మొహం తెలీని వాళ్ళు. మీరేం చేశారు?"

"నీ వెనకే ఉన్నాను కదా, గొడుగు పట్టుకుని. ఎండ మాడిపోతుంటే."

"ఉన్నారు. మురుక్కాలవలో చచ్చి పడున్నదాన్ని కర్రతో తిరగేసింది నేను. కడుపులో పురుగులు లుకలుకమంటున్నాయి. వాడేమోనని నేను ఊపిరి బిగబట్టి చూస్తుంటే, మీరు గొడుగు కిందనించే, కాదులే పద, అన్నారు. మొహం చూడకుండానే ఎలా చెప్పారో."

"దూరదృష్టి."

"మీ జోకులు కూడా కంపు కొడుతున్నాయి. నా బాధల్లా ఒకటే. ఆవిడ దీన్ని తీసుకెళ్ళిపోతే ఇంక వాడి కోసం వెతికేవాళ్ళుండరు. ఇంట్లోనే ఉన్నాడనుకున్నవాణ్ణి ఎవరు వెతుకుతారు? ఆ పళ్ళులేనివాడు ఏ గోడ పక్కనో కూర్చుని, బస్సు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడుతుంటాడు."

"ఏ మిఠాయి కొట్టు ముందో తిష్ట వేసి ఉంటాడు. పాకం నాకుతూ. మనల్ని తలుచుకోను కూడా తలుచుకోడు."

"అది మీరు ఎవరి కోసం చెబుతున్న కథ?"

"…కారు. అదిగో, ఆవిడే. తుడు, తుడు. నువ్వు మాట్లాడకు. ఏదడిగినా నేను చెబుతాను."

"ఆ తువ్వాలు ఇటివ్వండి."

"ఇది నాది."

"ఇవ్వండి."

కారు దిగిన మేడం బస్సుకి నాలుగడుగుల అవతలే ఆగిపోయింది.

"అబ్బ, ఏమిటీ వాసన? మీరు ఉండేది ఇందులోనేనా?"

"ఇందులోనే మేడం. వాసన కాదండి, ప్రకృతి."

"సరే సరే. ఇదేనా? ఓ. బాగానే తయారయ్యాడు."

"గాలి మార్పు మేడం. మా మేనమామ ఒకాయనకి…"

"మేనమామ సంగతి వద్దు, ఎండగా ఉంది. నోరు తెరిపించండి. పళ్ళన్నీ ఉన్నాయి. చొంగ కారదు కదా? కూర్చున్నచోటే పాడు చెయ్యదు కదా?"

"రామరామ. కాలెత్తడానికి కూడా చెట్టు ఎంచుకుంటాడు మేడం. నచ్చకపోతే ఇంకో చెట్టుకి వెళ్తాడు."

"మా అత్తగారు లేచింది మొదలు దొరబాబు ఎప్పుడొస్తాడని ఒకటే నస. కళ్ళు కనపడవు కదా, మంచం మీద చెయ్యి చాపితే ఏదో ఒకటి తగలాలి ఆవిడకి. కారులో దుప్పటి పరిచాను. ఎక్కించండి."

"రా దొరబాబూ, రా. చూశారా మేడం, మీ వాసన గుర్తుపట్టేశాడు."

"ఆగండి, మేడం గారూ."

"ఏమే, లోపల లాయరు అరుస్తున్నాడు చూడు. వెళ్ళు."

"అరవనివ్వండి. మేడం గారూ, అది మీ దొరబాబు కాదు."

"ఎండదెబ్బ మేడం. పొద్దుట్నించీ నీళ్ళలో…"

"నన్ను చెప్పనివ్వండి. దొరబాబు తప్పిపోయాడమ్మా. తప్పు నాది. బండి తలుపు గడియ నేనే పెట్టలేదు, దార్లో ఎక్కడో దూకేశాడు. మా ఆయన నన్ను కాపాడదామని ఈ వేషం వేశాడు. నన్ను తిట్టండి, మీ వాళ్ళందరికీ చెప్పండి, ఎవరి కుక్కని వాళ్ళు తీసుకుపోయినా సరే. దీన్ని మాత్రం తీసుకెళ్ళకండి. మాతో ఒక్కసారి సంత ఊరికి రండి. నా గొంతుకి రాకపోయినా మీ ఇంటి మనిషి గొంతుకి వస్తాడు. పుట్టిందగ్గర్నించీ విన్న గొంతు."

"ఏమిటయ్యా ఇది? మీ ఆవిడకి చెప్పలేదా?"

"మేడం, కారు ఎండలో ఉంది. సీట్లు కాలతాయి."

"నన్ను చూసి మాట్లాడు."

"సమయం చూసి చెబుదామని…"

"అయ్యో, ఏడవకమ్మా. నీ తప్పేం లేదు. మార్చమన్నది నేనే."

"ఏం మార్చమన్నారు?"

"ఆ ముసలిదాన్ని. ఎక్కడ పడితే అక్కడ పోసేది. తివాచీలు, సోఫాలు, చివరికి పూజగది గుమ్మం. ఇంటికి ఎవరైనా వస్తే నాకు తలకొట్టేసినట్టుండేది. డాక్టరు చేత సూది వేయిద్దామంటే అత్తగారు బెంగపెట్టుకుని మంచం పడతారు. మీ ఆయన ఊళ్ళు తిరిగే మనిషి కదా. దాన్నెక్కడైనా దింపేసి, అదే పోలికలో వయసులో ఉన్నది ఒకటి చూడమన్నాను. చేతికి తేడా తెలీకపోతే చాలన్నాను. పాపం, ఎంతో ఓపిగ్గా వెతికినట్టున్నాడు."

"మేడం గారూ, నా భుజం మీంచి చెయ్యి తియ్యండి."

"ఏమ్మా?"

"రోతగా ఉంది."

"రోత నాకా, నీకా? నీ చేతులు ఎక్కడ పెట్టొచ్చావో చూసుకో ముందు. ఏమయ్యా, ఎక్కించు. నాకు ఆలస్యమవుతోంది."

కారు దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగింది. వెనక అద్దంలోంచి కొత్త దొరబాబు, ఊరంతా తనకి రాసిచ్చినట్టు చూసుకుంటూ పోయాడు.

"ఏమే. లోపలికి రా. ఎండలో ఎంతసేపు నిలబడతావు?"

"గడియ నేను పెట్టాను."

"ఇప్పుడవన్నీ…"

"పెట్టానా, లేదా?"

"పెట్టావు."

"పెట్టానని మీకు తెలుసు. అయినా ముందురోజు చల్లదనం అన్నారు."

"నువ్వు బాధపడతావని."

"నా వల్లే పోయాడంటే బాధపడననుకున్నారా?"

"నీ తప్పనుకుంటే నువ్వు ఏడ్చి ఊరుకుంటావు. నా తప్పని తెలిస్తే ఊరుకోవు. అంతకుమించి ఆలోచించలేదు."

"పోనీ అక్కడితో ఆగారా? దీన్ని నా చేత కడిగించారు. మీరు ఒంపిన దొడ్డి నా చేత కడిగించారు."

"బాగా కడిగావు. ఆవిడ కూడా…"

"మాట్లాడకండి. మీ కథలు విని నవ్వేదాన్ని. ఊరూరా జనం మూగితే, కుందేళ్ళూ పాములూ చెబుతుంటే, అబద్ధమైనా ఎవరికీ నష్టం లేదులే అని తలుపు చాటున నిలబడి నవ్వేదాన్ని. ఇప్పుడు మీ నోరు చూస్తుంటే ఆ మురుక్కాలవ గుర్తొస్తోంది."

"తిట్టు. తిట్టి అన్నం పెట్టు."

"తాళం ఇలా ఇవ్వండి."

"నీకు నడపడం రాదు."

"అయితే మీరే నడపండి. పొద్దు పోకముందే చేరాలి."

"ఎక్కడికి?"

"సంత ఊరికి. గొంతు పూర్తిగా పోయేదాకా పిలుస్తాను. మొన్న మిల్లు వెనక వీధులు చూడలేదు. వాడు నడవలేడు, అక్కడే ఎక్కడో ఉంటాడు. ఏం, ఎక్కరేం? ఏమిటలా చూస్తారు?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఎక్కండి."

"సంత ఊళ్ళో ఎంత పిలిచినా వాడు పలకడే. వాణ్ణి దింపింది అంతకు ముందు ఊళ్ళో, ఇటుక బట్టీల దగ్గర. నువ్వు ముందు సీట్లో నిద్రపోతున్నావు."