గిటారులో ఉరుము

జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి చర్చిలో, రాజీ అయ్యాక రెండు ఫ్యాక్షన్ పార్టీల వాళ్ళూ కలిసి కూర్చోబోయే మొదటి ఆదివారం అది. గిటారును కంప్యూటర్‌కు తగిలించుకుని సరిచూసుకుంటున్న కొడుకు దగ్గరకు తల్లి గబగబా వచ్చింది.

"అబ్బీ, ఆ ఢామ్మనే శబ్దం తీసెయ్."

"అది ఉరుము మా. సిలువ పాటలో భూమి అదిరేకాడ వస్తాది. పొద్దుటూరు పోయి నేర్చుకోనొచ్చి, ఈ కంప్యూటర్‌లో సేసినా."

"బాంబేసి మీ నాయనను సంపిన నాడు నేనూ ఉరుమనే అనుకున్యా. ఇప్పుడు నువ్వు నొక్కితే ఏమైందో సూసినావా? వాకిట్లో ఉన్నోళ్ళంతా జీపుల కాడికి ఉరికినారు."

"జీపుల్లో ఏముంది?"

"లోపలికి తేవద్దని పాస్టరయ్యగారు చెప్పినవన్నీ ఆడే ఉండాయి."

అతను మౌస్ నొక్కి ఆ శబ్దాన్ని చెరిపేశాడు.

"సరే, ఉరుము తీసేసి మారుమోత పెడతాండా. విను," అని ఒక తీగ మీటాడు.

"వద్దు నాయనా. ఎనకాల ఎవరో ఉన్నట్లుంది. అందరూ తిరిగి సూస్తారు."

"ఇంగ నేనేం వాయించాల మా?"

"ఉత్త గిటారు."

విసుగ్గా కంప్యూటర్ వైరు పీకేశాడు. రెండు పార్టీల జనం లోపలికొచ్చి చెరో పక్క కూర్చున్నారు. పాట సగంలో ఉండగా బయట ఏదో ఢామ్మంది. అతని వేళ్ళు తీగల మీద బిగుసుకున్నాయి. తల్లి అతని పక్కకు జరిగి చెవిలో చెప్పింది.

"ఆపొద్దు అబ్బీ. నువ్వు ఆపితే వాళ్ళు లేస్తారు."

"ఏంది మా అది?"

"ఉరుమే అనుకో. వాయించు."